ఫారం 16లో పీఎఫ్, ఎన్‌పీఎస్ లెక్కలు: అన్నయ్య కూతురికి ఒక లేఖ

ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం
22 జూన్ 2025

చిరంజీవి సుజాతకు బాబాయి ఆశీస్సులు.

రుషికొండ ఆఫీసు నుంచి నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు నోటిమాటగా జవాబు చెబితే సగం అర్థమై సగం జారిపోతుందని, తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను. సీటీసీ (కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) రూ.13,56,000 అని చెప్పి ఉద్యోగంలోకి తీసుకున్న కంపెనీ, 2024-25 ఫారం 16లో (జీతం, కోసిన పన్ను చూపే ధ్రువపత్రం) స్థూల జీతం రూ.12,84,000 మాత్రమే చూపించిందని, మిగిలిన రూ.72,000 ఎక్కడికి పోయాయని నీ అనుమానం. ఎక్కడికీ పోలేదమ్మా, అవి నీ పీఎఫ్ ఖాతాలోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ల పాటు జీతాల బిల్లులు తయారుచేసినవాణ్ణి కనుక, ఏ వాటా కాగితం మీద ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ కనిపించదో వరుసగా చెబుతాను.

నీ మూల వేతనం నెలకు రూ.50,000, అంటే ఏడాదికి రూ.6,00,000. అందులో 12 శాతం, అంటే రూ.72,000, నీ వాటాగా పీఎఫ్‌కు వెళుతుంది. అంతే మొత్తాన్ని యాజమాన్యం కూడా వేస్తుంది. ఈ రెండు వాటాలూ ఒకే ఖాతాలో చేరినా, పన్ను లెక్కలో రెండింటి దారులూ వేరు. నీ వాటా నీ జీతంలోంచి కోసినదే కాబట్టి స్థూల జీతంలో కలిసే ఉంటుంది. యాజమాన్యం వాటా మాత్రం జీతంలో 12 శాతం వరకు ఆదాయంగానే లెక్కకు రాదు కనుక, ఫారం 16లో దాని ఊసే ఉండదు. నువ్వు వెతుకుతున్న రూ.72,000 అవే.

పాస్‌బుక్ తెరిచినప్పుడు పింఛను గడిలో సున్నా కనిపిస్తే కంగారు పడకు. 2014 సెప్టెంబరు తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరినవారి వేతనం చేరేనాటికే నెలకు రూ.15,000 దాటి ఉంటే వారికి పింఛను పథకం వర్తించదు. అందుకని యాజమాన్యం వాటా మొత్తం భవిష్య నిధికే జమ అవుతుంది. మా తరంవాళ్ల ఖాతాల్లో అందులో కొంత పింఛనుకు మళ్లేది, కాబట్టి మీ నాన్న పాస్‌బుక్‌తో నీది పోల్చుకోవద్దు.

ఇక అసలు జాగ్రత్త పడవలసింది ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) దగ్గర. నీ కంపెనీ మూల వేతనంలో 14 శాతం, అంటే ఏడాదికి రూ.84,000, నీ ఎన్‌పీఎస్ ఖాతాకు కడుతోంది. ఇది కూడా యాజమాన్యం వాటాయే కదా, పీఎఫ్ లాగానే కనబడకుండా పోతుందనుకుంటే పొరపాటు. ఆదాయపు పన్ను చట్టం దీన్ని ముందు సెక్షన్ 17(1) కింద నీ జీతంలో కలుపుతుంది, తర్వాత సెక్షన్ 80సిసిడి(2) కింద మినహాయిస్తుంది. కలిపే పని కంపెనీ తప్పకుండా చేస్తుంది, తీసివేత మాత్రం రిటర్నులో కూడా సరిగ్గా పడిందో లేదో నువ్వే చూసుకోవాలి. నీ విషయంలో, కొత్త పన్ను విధానం (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) ప్రకారం, రూ.12,84,000లోంచి జీతగాళ్లందరికీ వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 పోతే రూ.12,09,000, అందులోంచి రూ.84,000 పోతే రూ.11,25,000 పన్ను లెక్కించే ఆదాయం. ఆ రెండో తీసివేత మరిచిపోతే, సెస్సుతో కలిపి రూ.13,572 అదనంగా కట్టవలసి వస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు కొత్త విధానంలో ఈ పరిమితి 10 నుంచి 14 శాతానికి పెరిగింది 2024-25 నుంచే. పాత విధానంలో మీకు ఇప్పటికీ 10 శాతమే.

కొత్త విధానంలో 80సి మినహాయింపు (పీఎఫ్, బీమా లాంటి పొదుపులకు ఇచ్చేది) లేదు కనుక నీ వాటా పీఎఫ్ రూ.72,000 వల్ల పన్ను తగ్గదు. పాత విధానం ఎంచుకుంటే అది రూ.1,50,000 పరిమితిలో చేరుతుంది, నువ్వే సొంతంగా ఎన్‌పీఎస్‌లో వేసిన దానికి 80సిసిడి(1బి) కింద మరో రూ.50,000 వరకు వస్తుంది. కంపెనీకి ఏ విధానం చెప్పావన్నది అంత ముఖ్యం కాదు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు గడువులోగా వేసే రిటర్నులో విధానం మార్చుకోవచ్చు. గృహరుణం, అద్దె లేని నీకు కొత్త విధానమే మేలని నా అభిప్రాయం, అయినా రెండూ వేసి చూడు.

స్వచ్ఛందంగా పీఎఫ్ ఎక్కువ కోయించుకుంటానన్నావు. మంచిదే, కానీ నీ వాటా ఏడాదికి రూ.2,50,000 దాటితే, ఆ పై మొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది. ఆ వడ్డీ ఫారం 16లో ఉండదు, ఇతర ఆదాయం కింద నువ్వే చూపాలి. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్ యాన్యుయేషన్ (కంపెనీ పెట్టే పదవీ విరమణ నిధి) మూడింటికీ కలిపి యాజమాన్యం వాటా రూ.7,50,000 దాటినా పన్ను పడుతుంది గానీ, ఆ బాధ నీకు ఇప్పట్లో లేదు.

ఉద్యోగం మారే ఆలోచన ఉంటే ఇంకొక మాట. మా పెద్దవాడు ఏడాది మధ్యలో కంపెనీ మారి, పాత జీతం సంగతి కొత్త చోట చెప్పలేదు. రెండు కంపెనీలూ ఎవరికి వారు స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేసి, తక్కువ శ్లాబుల నుంచే లెక్క కట్టాయి. చివరికి రెండు ఫారం 16లు కలిపేసరికి వడ్డీతో సహా పెద్ద మొత్తమే చేతి నుంచి కట్టాడు. అది చాలదన్నట్టు, ఐదేళ్లు నిండకుండానే పాత పీఎఫ్ తీసేసుకున్నాడు, రూ.50,000 దాటింది కనుక దాని మీదా పది శాతం టీడీఎస్ కోశారు. బదిలీ చేయించుకుని ఉంటే పాత సర్వీసు కూడా కలిసేది. నువ్వు మారితే ఫారం 12బి (పాత కంపెనీ జీతం, కోసిన పన్ను కొత్త కంపెనీకి తెలిపే పత్రం) ఇచ్చి, పీఎఫ్ బదిలీ పెట్టించుకో.

ఈ ఏడాది (2025) రిటర్ను గడువు సెప్టెంబరు 15 దాకా పొడిగించారు కాబట్టి తొందర లేదు. ముందుగా పన్నెండు నెలల పే స్లిప్పుల్లో కోసిన పీఎఫ్‌ను పాస్‌బుక్ జమలతో నెలవారీగా సరిచూడు, ఎందుకంటే స్లిప్పులో కోసినట్టు ఉన్నంత మాత్రాన ఖాతాలో పడినట్టు కాదు. ఆ పైన ఫారం 16, 26ఏఎస్ (నీ పేరున జమైన పన్నుల పట్టిక), ఏఐఎస్ (పన్ను శాఖకు అందిన నీ ఆదాయ వివరాల పట్టిక) పక్కపక్కన పెట్టుకుని, పోర్టల్ ముందే నింపి ఇచ్చిన అంకెల్ని ఒక్కొక్కటిగా చూసుకో. రిటర్ను పంపాక ముప్పై రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే, ఆ తర్వాత వెరిఫై చేసిన తేదీనే రిటర్ను వేసిన తేదీగా లెక్కిస్తారు. పే స్లిప్పులు పట్టుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా, 80సిసిడి(2) గడి మనం కలిసి నింపుదాం.

ఆశీస్సులతో,
బాబాయి