అద్దె గోడల కోసం లక్షన్నర అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్ కొండాపూర్‌లో స్టూడియో ఫ్లాట్ అద్దెకు తీసుకుని రెండు నెలలైంది. ఒకటే గది, అందులోనే ఒక మూల వంటగట్టు. చేతికొచ్చే జీతం 48,000. ఐదేళ్లు హాస్టళ్లలో నలుగురితో కలిసి ఉన్నాక నాకంటూ దొరికిన మొదటి గది ఇది. బాగా చేయించుకోవాలని ఆశ. ఇంటీరియర్ చేసే అతను 1,50,000 అవుతుందన్నాడు. 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. బ్యాంకు యాప్‌లో 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ రెడీగా ఉంది. సేవింగ్స్ ఖాతాలో 70,000 ఉన్నాయి. విజయనగరంలో ఉన్న అమ్మ ‘అద్దె కొంపకు ఇన్ని సోకులెందుకే’ అంటోంది. నెలకు ఐదువేలే కదా, తీసుకోవచ్చా? ఖర్చుల వివరాలు, కొటేషన్, గది ఫొటో పంపుతున్నాను.

జవాబు: లోన్ తీసుకోకండి. గదిని మాత్రం బాగా చేసుకోండి.

మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. నేల మీద పరుపు, ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు సూట్‌కేసులు, వాటి మీద ల్యాప్‌టాప్, కిటికీ ఊచ నుంచి తలుపు మేకు దాకా కట్టిన తాడు, దాని మీద బట్టలు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చేసరికి ఎదురయ్యేది ఇదే అయితే ఏ మనిషికైనా ఉసూరుమంటుంది. కాబట్టి మీ కోరికను సోకు అనను. అమ్మగారి మాటలోనూ నిజముంది. అది మీ కొటేషన్‌లో కనబడుతోంది.

ఆ కాగితం ఒకసారి తీయండి. ఫాల్స్ సీలింగ్, లైట్లు 32,000. టీవీ గోడకు ప్యానెల్, యూనిట్ 38,000. గోడ నుంచి గోడకు వార్డ్‌రోబ్, పైన అటక 52,000. వాల్‌పేపర్ 8,000. గోడకు బిగించే మడత మంచం 20,000. ప్రతిదాని పక్కన ‘ఇల్లు మారితే నాతో వస్తుందా?’ అని రాసుకుని చూడండి. ఐదింటిలో ఒక్కటీ పూర్తిగా రాదు. మంచం విప్పుకెళ్లవచ్చు కానీ గోడకు పడిన కన్నాలకు మీరే జవాబు చెప్పాలి. వార్డ్‌రోబ్ ఆ గోడ కొలతకే కోస్తారు, ఇంకో ఇంట్లో పట్టదు.

మీ అగ్రిమెంటు 11 నెలలదే అయి ఉంటుంది. ఎక్కువమంది ఓనర్లు అంతకే రాస్తారు. ఆ తర్వాత కొనసాగిస్తారో, అద్దె పెంచుతారో, ఖాళీ చేయమంటారో ఎవరి చేతిలోనూ లేదు. 11 నెలలకే మారాల్సి వస్తే ఈ లక్షన్నర నెలకు 13,600 పైన పడినట్టు. అంటే 16,000 అద్దె గదికి మీరు దాదాపు 29,600 కట్టినట్టు లెక్క.

ఇక లోన్ సంగతి. 1,50,000కు 15 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ 5,200 వస్తుంది. మొత్తం కట్టేది 1,87,200. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో ఇంకో 3,540. గది 11 నెలలకు వదిలేసినా ఈఎంఐ 25 నెలలు మిగిలే ఉంటుంది. కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టుకునే రోజుల్లో కూడా పాత ఇంటి గోడకు నెలనెలా డబ్బు పోతుంటుంది.

ఇది నేను అనుభవించి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అద్దె గదిలో వడ్రంగిని పెట్టి గోడకు అల్మరా కొట్టించాను. తొమ్మిదో నెలలో ఓనరు తమ అబ్బాయి పెళ్లి ఉందని గది అడిగారు. విప్పబోతే గోడ పెచ్చులూడింది. అల్మరా అక్కడే వదిలేశాను. పెచ్చులకు, రంగులకు కలిపి అడ్వాన్సులో కోసుకున్నారు. ఆ కోత నన్ను చాలా బాధపెట్టింది. అందుకే ఇప్పుడు ఎవరికైనా మొదట చెప్పేది: అద్దె ఇంట్లో లారీ ఎక్కించగలిగిన వస్తువుకే డబ్బు పెట్టండి.

మీ నెల ఖర్చు చూద్దాం. అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500, ఊళ్లో ఇంటికి పంపేది 8,000, తిండి 7,000, రాకపోకలకు 3,000, కరెంటు, ఫోను, మిగతావన్నీ 4,000. మొత్తం 39,500. మిగిలేది 8,500. అందులో 5,200 ఈఎంఐకి పోతే చేతిలో 3,300. మూడు నెలల ఖర్చు పక్కన ఉండాలంటే మీకు 1,18,500 కావాలి. ఉన్నది 70,000. రేపు ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే అది రెండు నెలలకు కూడా చాలదు. నాకు మీ విషయంలో టెన్షన్ అంతా ఇక్కడే.

ఇలా చేయండి. 70,000లో 10,000 గదికి తీయండి. మిగిలిన 60,000 ముట్టుకోవద్దు. జీతం పడిన మర్నాడే 5,000 రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా పెట్టండి. ఏడాదికి ఆ 60,000తో కలిపి, వడ్డీ కాకుండానే 1,20,000 అవుతుంది, మూడు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టే. మిగతా 3,500 ప్రతి నెలా గదికే. సంకోచం లేకుండా ఖర్చు పెట్టండి, అది మీ సరదా డబ్బు. ఏడాదిలో 42,000, మొదటి 10,000 కలిపితే 52,000. ఒక్క గదికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

మొదటి 10,000తో వెలుతురు, కర్టెన్లు, మంచం. మీ కిటికీ పడమటి వైపు ఉందన్నారు, ఎండాకాలం సాయంత్రాలు గది కొలిమిలా ఉంటుంది. మందపాటి కర్టెన్ కావాలి. రాడ్‌ను కిటికీ మీదే కాకుండా సీలింగ్‌కు దగ్గరగా బిగించి, కర్టెన్ నేల దాకా వదిలితే గది ఎత్తుగా కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ అయితే ఉన్న ఎత్తులోంచే అరడుగు దాకా తినేస్తుంది, ఇంత చిన్న గదికి అదే పెద్ద నష్టం. ట్యూబ్‌లైట్ తెల్లటి వెలుగు ఒక్కటే కాకుండా మంచం పక్కన, బల్ల మీద పసుపు వెలుగు ఎల్‌ఈడీ దీపాలు రెండు పెట్టుకోండి. రాత్రి స్విచ్ వేసి చూస్తే మీకే తేడా తెలుస్తుంది.

మంచం నట్లు బోల్టులతో విప్పి కట్టే ఇనుపది తీసుకోండి, కింద సూట్‌కేసులు పట్టేంత ఎత్తుండాలి. బట్టలకు సెకండ్ హ్యాండ్ బీరువా చూడండి. ఆన్‌లైన్‌లో చౌకగా వచ్చే చాలా అల్మరాలు పార్టికల్ బోర్డువి, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలవి. ఇల్లు మారేటప్పుడు స్క్రూ విప్పితే ఆ కన్నంలోంచి పొట్టు రాలుతుంది, మళ్లీ బిగిస్తే పట్టదు. నేల తుడిచిన తడికి అడుగు అంచులు ఉబ్బుతాయి. ఇనుప బీరువా నాలుగు ఇళ్లు మారినా అలాగే ఉంటుంది. గురువారం పూట జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఒకసారి తిరిగి రండి. తలుపు, తాళం, కింద తుప్పు చూసి బేరమాడండి.

ఆ తర్వాత తొందరేం లేదు. ఒక నెల మడత బల్ల, ఇంకో నెల నిలువుటద్దం. దసరాకి ఇంటికి వెళ్లి వచ్చేటప్పుడు ఏటికొప్పాక లక్క బొమ్మలు నాలుగు తెచ్చుకోండి. అవి మీ వైపువే, కొటేషన్‌లోని ఆ ప్యానెల్‌కు లేని కళ గదికి అవే తెస్తాయి.

నో కాస్ట్ ఈఎంఐ అని కనిపించగానే లోన్‌కు బదులు అది వాడుకోవచ్చని అనిపించవచ్చు. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఉంటుంది, దానికి సరిపడా డిస్కౌంట్ చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. పైగా ఒకేసారి కడితే దొరికే తగ్గింపు పోతుంది.

వార్డ్‌రోబ్ లేకుండా కుదరదనుకుంటే ఓనరుతో మాట్లాడండి. ‘మీ ఇంటికే ఉండిపోతుంది, ఖర్చులో సగం అద్దెలో తగ్గించండి’ అని అడగండి. ఒప్పుకుంటే అగ్రిమెంటులో రాయించుకోండి, నోటిమాట చాలదు. మేకులు కొట్టడానికి, రంగు వేయడానికి కూడా వాట్సాప్‌లో అయినా అనుమతి తీసుకోండి. చేరేటప్పుడు గోడలు ఎలా ఉన్నాయో ఫొటోలు తీశారా? తీయకపోతే ఈ రోజే తీసి ఆయనకు పంపండి.

ఇక ఆ 5,000 అడ్వాన్స్. అది ఇచ్చేశాం కదా అని మిగతా పని చేయించేయకండి. ఇంకా ప్లైవుడ్ కోయకపోతే తిరిగి ఇమ్మని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే ఆ డబ్బుతో ఏవైనా అరలు చేసిపెట్టమనండి, గోడకు బిగించనివి, మీరు ఎత్తి తీసుకెళ్లగలిగినవి. దానికీ ఒప్పుకోకపోతే 5,000 పోనివ్వండి. లక్షన్నర అప్పుకు మీరు కట్టబోయే వడ్డీయే 37,200.