గద్ద చేపను పట్టే క్షణం ఫోటోలో ఎందుకు దొరకడం లేదు? గౌతమి ఒడ్డున నేను నేర్చుకున్నది

మీరు అడిగింది ఇదీ: 150-600 ఎంఎం జూమ్ లెన్స్ కొన్నారు, ఎగిరే గద్దలు బాగానే వస్తున్నాయి, నీటి మీద పడి చేపను పట్టే క్షణం మాత్రం ప్రతిసారీ మసకగా వస్తోంది, లేదంటే పక్షి సగమే ఫ్రేములో ఉంటోంది, కెమెరా మార్చాలా అని.

మార్చొద్దండి. ఎదుర్లంక వంతెనకు దిగువన, గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఆరు చలికాలాలుగా నేను చేస్తున్నది ఇదే పని. మొదటి రెండేళ్లూ సరిగ్గా మీ సమస్యే నాది. తప్పు కెమెరాలో లేదు. పక్షి దిగడం మొదలుపెట్టాక కెమెరా ఎత్తేవాణ్ణి, అప్పటికే ఆలస్యమైపోయేది. పక్షి దిగబోతోందని దాని ఒళ్ళే మనకు ముందు చెబుతుంది, ఆ సంగతి తెలిశాకే నాకు ఫోటోలు రావడం మొదలైంది.

సెట్టింగ్స్ త్వరగా చెప్పేస్తాను. షటర్ స్పీడ్ 1/2500 సెకనుకు తగ్గనివ్వకండి, ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి, ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే పక్షి కదిలేకొద్దీ తనే సర్దుకునేలా పెట్టి ఒక్క పాయింట్ కాకుండా చిన్న గుంపు పాయింట్లు తీసుకోండి, ఎందుకంటే ఒక్క పాయింట్ పక్షి మీంచి జారిందా, ఫోకస్ వెంటనే నీటి అలల మీదికి పోతుంది. గరుడ పక్షి, అంటే బ్రాహ్మినీ కైట్, తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు. వెనక మడ చెట్లు నల్లగా ఉంటే ఆ తెలుపు సున్నం కొట్టినట్టు అయిపోతుంది, అందుకని ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించండి. వెనక ఆకాశం ఉంటే ఒక స్టాప్ పెంచండి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం). అంతే.

ఇక అసలు విషయం. మన డెల్టాలో ముఖ్యంగా మూడు రకాల వేట కనిపిస్తుంది, మూడింటి పద్ధతీ వేరు.

గరుడ పక్షి ఏడాది పొడుగునా ఉంటుంది. మా అమ్మమ్మ దాన్ని చూడగానే లెంపలు వేసుకునేది. అది నీళ్లలో మునగదు, పైపైన జారుకుంటూ వచ్చి కాళ్లతో చేపను ఎత్తుకుపోతుంది. దిగే ముందు రెక్కలు కొట్టడం ఆపేస్తుంది, గుండ్రంగా తిరిగే చుట్టు చిన్నదవుతుంది, తల నేరుగా కిందికి వంగుతుంది. ఆ తల వంగిన క్షణానికి మీ కన్ను వ్యూఫైండర్‌లో ఉండాలి.

కొరమీను గద్ద, అంటే ఆస్ప్రే, చలికాలంలో మాత్రమే వచ్చే వలస పక్షి. దానికి చేపే తిండి. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు కొంచెం కొంచెంగా ఎత్తు తగ్గుతుంది, కాళ్లు వేలాడతాయి, ఇక ఒక్కసారిగా రెక్కలు ముడిచి పడిపోతుంది. నీటికి తాకేలోపు కాళ్లు ముఖం కంటే ముందుకు వచ్చేస్తాయి. చాలాసార్లు ఒళ్ళంతా మునుగుతుంది. మొదట్లో నీళ్లు చిమ్మే ఫోటో కోసం తంటాలు పడకండి, పైకి లేచాక కొంచెం ఎత్తులో అది తడి కుక్క విదిలించుకున్నట్టు ఒళ్ళు విదిలిస్తుంది, ఆ ఫోటో తేలికగా దొరుకుతుంది, చాలా అందంగా కూడా ఉంటుంది. తర్వాత చేప తలను ముందుకు తిప్పి, గాలికి అడ్డు పడకుండా పట్టుకుపోతుంది. దాని బయటి వేలు వెనక్కి తిరుగుతుంది, పాదం అడుగున ముళ్లలాంటి గరుకు ఉంటుంది, అందుకే ఎంత జారే చేపైనా ఆ పట్టులోంచి తప్పించుకోవడం కష్టం. ఫోటోని పెద్దది చేసి ఆ వేళ్లను ఒకసారి చూడండి, రెండు ముందుకు, రెండు వెనక్కి.

మూడోది చేల మీద కనిపించే అడవి రామదాసు, తెల్లగా, ఎర్ర కళ్లతో, కరెంటు తీగల మీద కూర్చునే చిన్న గద్ద. ఎలుకలూ మిడతలూ దాని ఆహారం. ఇదీ గాలిలో నిలబడే వేటాడుతుంది, దిగేటప్పుడు మాత్రం రెక్కలు పైకెత్తి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు ఇదే మంచి గురువు.

నాకు బాగా గుర్తున్న దెబ్బ ఒకటి చెబుతాను. డిసెంబరులో ఒక పొద్దున కొరమీను గద్ద నాకు ముప్పై మీటర్ల దూరంలో నిలబడింది. ఆత్రంకొద్దీ అది గాలిలో నిలబడ్డప్పుడే బటన్ నొక్కి పట్టుకున్నాను. సరిగ్గా అది రెక్కలు ముడిచేసరికి కెమెరా బఫర్, అంటే ఫోటోలు కార్డుకు ఎక్కేలోపు దాచుకునే చోటు, నిండి ఆగిపోయింది. నా కళ్ల ముందే నీళ్లు లేచాయి, చేపతో పైకి వచ్చింది, విదిలించుకుంది, వెళ్లిపోయింది. కార్డులో చూస్తే నలభై ఫోటోలు, అన్నీ ఖాళీ గాలిలో నిలబడ్డ పక్షివే. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు. అప్పటినుంచి ఫోకస్ ముందునుంచే పట్టి ఉంచుతాను, షటర్ మాత్రం రెక్కలు ముడిచాకే.

గాలి సంగతి ఎవరూ చెప్పరు, నా లెక్కలో సగం ఫోటో అదే. పక్షి సాధారణంగా గాలికి ఎదురుగానే దిగుతుంది. అంటే గాలి మీ వీపు వైపు నుంచి వస్తే పక్షి ముఖం మీకు కనిపిస్తుంది, ఎదురుగా వస్తే తోక కనిపిస్తుంది. ఎండ కూడా వీపు వైపే ఉండాలి. మన దగ్గర తెల్లవారుజామున గాలి ఎక్కువగా నేల వైపు నుంచి, అంటే పడమర నుంచి వస్తుంది, సూర్యుడేమో సముద్రం వైపు. రెండూ ఎదురెదురు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యేసరికి సూర్యుడు పడమటికి వాలతాడు, మళ్లీ అదే కథ. అందుకని మామూలు రోజుల్లో నేను ఉత్తరమో దక్షిణమో చూస్తూ కూర్చుంటాను, పక్షి పక్కనుంచి వస్తుంది. పొద్దున్నే తూర్పు గాలి వీచే రోజు దొరికిందంటే మాత్రం ఎంత పని ఉన్నా వదలను.

కోరింగ మడ అడవులకు వెళ్తే పాటు వేళ చూసుకుని వెళ్లండి. నీళ్లు తీసి బురద బయటపడ్డాక పీతల కోసం గరుడ పక్షులు మడల అంచున తిరుగుతాయి. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పోయిన ఆదివారం పదింటికి దొరికింది కదా అని ఈ ఆదివారం పదింటికే వెళ్తే నీళ్లే కనిపిస్తాయి. ఇంకోటి, తొమ్మిదిన్నర దాటాక బురద మీంచీ చెరువు గట్ల మీంచీ వేడి గాలి అలలుగా లేస్తుంది. అప్పుడు వచ్చే మసకకు లెన్స్‌ను తిట్టుకోకండి. అవతలి పక్షి కాకుండా దగ్గరికి వచ్చిన పక్షినే తీయండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒకసారి పడవలో వెళ్తే పడవ అతను "ఉండండి బాబూ, నేను పిలుస్తాను" అని సంచిలోంచి కోడి తోలు తీసి నీళ్లలో విసిరాడు. రెండు నిమిషాల్లో పాతిక గద్దలు. నేనూ వద్దనలేదు, వరసగా తీసేశాను. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫోటోలో కాళ్లలో తోలు ముక్క వేలాడుతోంది, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, ఒక్కదాంట్లో కూడా వేట లేదు. అన్నీ తుడిచేశాను. మళ్లీ వెళ్లినప్పుడు "బాబాయ్, ఏమీ వేయొద్దు, ఊరికే ఇంజన్ ఆపి ఉంచు చాలు" అన్నాను, ఆ రోజు మూడు గంటల్లో ఒక్కటే వేట చూశాను, ఆ ఒక్క ఫోటో ఇప్పుడు మా ఇంటి గోడ మీద ఉంది. గూళ్ల దగ్గరికి కూడా వెళ్లకండి. గరుడ పక్షులు మన కొబ్బరి చెట్ల మీదే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గూళ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూడునో గుడ్లనో కదిలించినా అది వేట కిందికే వస్తుంది.

మీది అమలాపురం వైపు అన్నారు కాబట్టి గౌతమి దాకా రాకుండానే మొదలుపెట్టొచ్చు. సార్వా కోతలప్పుడు మీ ఊళ్లో కోత మిషన్ ఏ చేలో దిగుతోందో కనుక్కోండి. మిషన్ కదిలితే ఎలుకలూ మిడతలూ బయటికి ఉరుకుతాయి, వాటికోసం కొంగలు వెనకాల నడుస్తాయి, గద్దలు పైన తిరుగుతాయి, అడవి రామదాసు పక్క తీగ మీద ఉంటుంది. చేను వాళ్లనూ డ్రైవర్‌నూ ముందే అడిగి, మిషన్‌కు దూరంగా, గట్టు మీద కిందికి కూర్చోండి. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉంచి, అడవి రామదాసు ఎన్నిసార్లు గాలిలో నిలబడితే ఎన్నిసార్లు నిజంగా దిగిందో లెక్కపెట్టండి. ఫోటోలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.