పీతల కంపెనీ పెడుతున్న బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది, ఎక్కడి సముద్రం నుంచో వచ్చి, పడ్డచోట ఉన్న గుల్లల్నీ చేపపిల్లల్నీ తినేస్తున్న నీలి పీతల్ని కొని ఎగుమతి చేసే కంపెనీ పెడుతున్నావంట. గర్వంగానే ఉందే. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగం మానేస్తున్నావని కాదు, ఆ ఏడుపు మీ అమ్మ ఏడుస్తుందిలే, నా భయం వేరు.

లైసెన్సు, ఐసు, కోల్డ్ స్టోరేజీ ఇవన్నీ నీకు తెలిసినవే. పీతలు పట్టే బోనులకి గట్టి తాడు కట్టించు, తెగి అడుగున పడిపోయిన బోను చాలాకాలం చంపుతూనే ఉంటుంది. ప్రాణమున్న పీతని మాత్రం కొత్త తీరానికి తీసుకెళ్లొద్దు, ఎవడు ఎంత ఇస్తానన్నా సరే, ఈ ఒక్క విషయంలో నేను చెప్పింది విను.

ఇక అసలు సంగతి. నేను చేపల ప్లాంటులో గ్రేడింగ్, అదే సరుకుని సైజుల వారీగా ఏరించే పని, చూసే రోజుల్లో ఒక కంపెనీ ఇలాంటి పీతలే కొనేది. వాళ్లు చెప్పేదీ నువ్వు చెప్పేదే, పీత తగ్గాలి, జాలర్లకి నాలుగు డబ్బులు రావాలి అని. రేట్ల పట్టిక మాత్రం మామూలు పీతల వ్యాపారంలోది అలాగే ఎత్తి పెట్టారు. పెద్ద మగపీతకి మంచి రేటు, మీడియంకి సగం, చిన్నదానికి సున్నా, గుడ్లున్న ఆడపీత అసలు వద్దు. రేవుకొచ్చే బుట్టలన్నీ పెద్దవే, మేనేజరు మురిసిపోయేవాడు, మిగతావి ఏమయ్యాయని ఒక్కళ్లూ అడగలా. ఏమవుతాయి, పడవ మీదే ఏరి మళ్లీ నీళ్లలోకి విసిరేసేవాళ్లు. వాళ్లనేం అంటాం, సున్నా పలికే సరుకుకి ఐసూ డీజిలూ ఎవడు తగలేస్తాడు? పైగా గుడ్లున్నదాన్ని వదిలెయ్యడం జాలరికి చిన్నప్పట్నుంచీ నేర్పిన బుద్ధి. ఆ పీత సొంత ఇల్లు అమెరికా, అక్కడ చెసాపీక్ బేలో మేరీలాండ్ వైపు గుడ్లున్నదాన్ని ఉంచుకోవడమే నేరం, అక్కడ అది రైటే. బయట నుంచి వచ్చి పడ్డచోట మాత్రం ముందు తియ్యాల్సింది దాన్నే కదే! ఒక్కో ఆడపీత పొట్ట కింద సుమారు 20 లక్షల గుడ్లు. నారింజ రంగులో ఉంటే ఈమధ్యే పెట్టినవి, ముదురు గోధుమ దాటి నల్లబడితే పిల్లలు బయటికొచ్చే టైమైందని. నల్లబడినదాన్ని ఒకసారి ఆ మేనేజరు టేబుల్ మీదే పెట్టి చూపించా, "దీనికి మార్కెట్ లేదమ్మా" అన్నాడు.

పెద్ద మగవి తగ్గాయి, పీతలు తగ్గలా. చివరికి సరుకు చాలక ఆ కంపెనీయే చిన్న పీతల్ని కాపాడాలి, కొన్నాళ్లు వేట ఆపాలి అని ఆఫీసుల చుట్టూ తిరిగింది, తగ్గిస్తామని వచ్చినవాళ్లే కాపలా కాసారన్నమాట.

అందుకే నువ్వు చిన్నా పెద్దా, గుడ్లున్నవీ లేనివీ అన్నీ కిలోకి ఒకటే రేటుకి కొను. అమ్ముడుపోనివి ఎరకో ఎరువుకో పంపు, దానిలో వచ్చే నష్టం పెద్దవాటి లాభంలోంచి పూడ్చుకో. పూడదు అనిపిస్తే ఈ వ్యాపారం నీది కాదు, ఇప్పుడే మానెయ్.

తగ్గించడానికా, ఏటా ఇంత అని తియ్యడానికా, అది కూడా ముందే తేల్చుకో. 1960ల్లో సోవియట్ వాళ్లు దూర ప్రాచ్యం నుంచి తెచ్చి బారెంట్స్ సముద్రంలో వదిలిన రెడ్ కింగ్ క్రాబ్ నార్వేకి పాకింది. నార్వే వాళ్లు నార్త్ కేప్ దగ్గర 26 డిగ్రీల రేఖాంశం దగ్గర గీత గీసారు, దానికి తూర్పున కోటా పెట్టి సంపాదించుకుంటారు, పడమరన ఎన్నైనా పట్టొచ్చు, పట్టినదాన్ని తిరిగి నీళ్లలో వెయ్యకూడదు. ఆ గీత మీద ఎన్ని గొడవలున్నా గీతంటూ ఒకటుంది. ఇటలీలో చూడు, 1983లో వెనిస్ లగూన్‌లో వేసిన మనీలా గుల్ల కూడా పరాయిదే. దాని మీదే బతుకులు కట్టుకున్నాక, 2023లో అక్కడి పో నది డెల్టాలో నీలి పీత దాన్ని తినేస్తుంటే మా గుల్లలు పోయాయని గొల్లుమన్నారు. నవ్వకు, డబ్బు రావడం మొదలైతే నువ్వూ అంతే, నేనూ అంతే.

పదేళ్ల లోన్ జోలికి పోకు. మెషీన్లు అద్దెకి తీసుకో, పీత తగ్గిన రోజు అదే ప్లాంటులో వేరే చేప ఆడించుకునేలా చూసుకో. లేకపోతే బ్యాంకు వాయిదా కోసం పీత ఉండాలని దేవుడికి మొక్కుకుంటావు.

జాలర్లతో సంతకాలు పెట్టేముందు రేట్ల పట్టిక నాకు పంపు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, పీడీఎఫ్‌లు నా ఫోన్లో తెరుచుకోవు. ఆ పీతని వెనకనుంచి పట్టుకోవే, గ్లౌజు ఉంది కదా అని ముందుకి చెయ్యి పెట్టకు, మహా కోపిష్టిది.

పెద్దమ్మ