సిగరెట్ మానేశాక ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను, మళ్లీ తాగమంటారా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కాలేజీ రోజుల నుంచీ సిగరెట్ అలవాటు, రోజుకి పదిహేను దాకా కాల్చేవాణ్ణి. మానేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఏ మందూ వాడకుండా మొండిగా మానేశాను. కానీ ఇంట్లో ప్రతిదానికీ చిరాకు, రాత్రిళ్లు నిద్ర లేదు, ఆఫీసులో పని మీద మనసు నిలవడం లేదు. నిన్న సాయంత్రం హోంవర్క్ దగ్గర మా ఎనిమిదేళ్ల పాప మీద గట్టిగా అరిచేశాను, అది ఏడుస్తూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. మా ఆవిడ 'ఇలా ఉండేకన్నా ఆ సిగరెట్టేదో తాగండి, మా మానాన మమ్మల్ని బతకనివ్వండి' అంది. సిగరెట్ తాగితేనే నేను మంచివాణ్ణా? ఒక్కటి తాగితే మామూలు మనిషినవుతానేమో అనిపిస్తోంది.

జవాబు: తాగొద్దు. ఆ ఒక్కటి కూడా వద్దు. మీ ఆవిడ కోపంలో అన్న మాటని అనుమతిగా తీసుకోకండి, ఆవిడ విసిగిపోయి అన్నారు తప్ప మీరు మళ్లీ తాగాలని కాదు.

అసలు మిమ్మల్ని తొలుస్తున్న ప్రశ్న సిగరెట్ గురించి కాదు, 'సిగరెట్ లేకపోతే నేను ఇలాంటివాణ్ణా' అన్నది. కాదండీ. మీరిప్పుడు చూస్తున్నది మీ స్వభావం కాదు, నికోటిన్ ఆగిపోయినప్పుడు దాదాపు ప్రతి ఒక్కరికీ వచ్చే చిరాకు. పొగ లోపలికి పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది, సుమారు రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. పడిపోతున్నకొద్దీ అసహనం మొదలవుతుంది, మరొకటి వెలిగించగానే అది తగ్గుతుంది, మనకేమో సిగరెట్టే టెన్షన్ తగ్గించిందనిపిస్తుంది. ఇన్నేళ్లూ రోజుకి పదిహేనుసార్లు మీరు తగ్గించుకున్న టెన్షన్లో ఎక్కువ భాగం అంతకుముందు కాల్చిన సిగరెట్ తెచ్చిపెట్టినదే. పూర్తిగా మానేసి కొన్ని వారాలు గడిపినవాళ్లలో ఆందోళన, దిగులు తాగే రోజుల కన్నా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కాబట్టి మీ పాపకి ప్రశాంతంగా ఉండే నాన్న కావాలంటే దారి ముందుకే ఉంది, వెనక్కి కాదు.

ఈ బాధ మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదురుతుంది, మొదటి వారమంతా గట్టిగా ఉంటుంది, చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మీరు తొమ్మిదో రోజులో ఉన్నారు, అంటే అన్నిటికన్నా కష్టమైన భాగం దాటేశారు, అదీ ఏ సాయం లేకుండా. ఇప్పుడు ఒకటి వెలిగిస్తే ఆ రోజులన్నీ మళ్లీ పడాల్సి రావచ్చు. 'ఒక్కటే కదా' అని మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది కొద్దిరోజుల్లోనే పాత లెక్కకి చేరుకుంటారు.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. కాఫీ, టీ ఎన్నిసార్లు తాగుతున్నారు? నిద్ర లేదన్నారు కాబట్టి బహుశా పగలు మెలకువ కోసం ఇంకో కప్పు ఎక్కువే తాగుతూ ఉంటారు. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ని చాలా త్వరగా విరగ్గొట్టేస్తుంది. పొగ ఆగిన కొద్దిరోజులకే ఆ వేగం తగ్గిపోతుంది, అందుకని అవే కప్పులు తాగుతున్నా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు ఉండొచ్చు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఇవన్నీ సిగరెట్ మానినందుకే అనుకుంటాం, కొంత కెఫీన్ పని అయ్యుండొచ్చు. ఇవాళ్టి నుంచీ కప్పులు సగానికి తగ్గించండి, మధ్యాహ్నం తర్వాత పూర్తిగా వదిలేయండి. ఇంత చిన్న మార్పుతోనే నిద్ర కొంత దారికి రావచ్చు.

ఇక ఆ 'మొండిగా' అన్న మాట. మీ పట్టుదలకి నిజంగా మెచ్చుకుంటున్నాను, కానీ మందు వాడకుండా మానేస్తేనే గొప్ప అన్న ఆలోచన చాలామందిని మళ్లీ సిగరెట్ దగ్గరికే తోస్తుంది, అందుకే నాకది నచ్చదు. తొమ్మిది రోజులైనా సాయం తీసుకోవడానికి ఆలస్యం కాలేదు. నికోటిన్ గమ్ ఉంది, చర్మం మీద అతికించుకునే ప్యాచ్ ఉంది, రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికన్నా బాగా పనిచేస్తాయి. అదీ నికోటినే కదా అంటారేమో, నిజమే, కానీ తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల రసాయనాలున్న పొగ అందులో లేదు, నికోటిన్ కూడా మెల్లగా ఎక్కుతుంది, కొన్ని వారాల్లో మోతాదు తగ్గించుకుంటూ మానేయవచ్చు. గమ్ 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలుగా వస్తుంది. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటు ఉన్నవాళ్లకి సాధారణంగా 4 సరిపోతుంది.

గమ్ పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసినవాళ్లే, అలా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో వికారం తప్ప ఏమీ రాదు. కొద్దిగా నమలండి, నోట్లో చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోండి, ఆ చురుకు తగ్గాక మళ్లీ కొద్దిగా నమలండి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, పళ్లరసం లాంటివి తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఎక్కదు. ప్యాచ్ వాడితే రాత్రి తీసేసి పడుకోవచ్చేమో డాక్టర్ని అడగండి, రాత్రంతా అది ఉంటే కొందరికి పీడకలలు, నిద్రలేమి వస్తాయి. ఇవి కాక వారెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ అనే మందులూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మూడింటినీ, నికోటిన్ గమ్, ప్యాచ్‌లనీ సిఫారసు చేసింది. మీకు ఏది తగునో డాక్టరే చెప్పాలి, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే బుప్రోపియాన్ పనికిరాదు.

సాయంత్రం హోంవర్క్ వేళ దగ్గరికి వద్దాం. ఒకప్పుడు ఆఫీసు నుంచి రాగానే ఒకటి కాల్చేవారా? అయితే ఆ గంటలో నాలుక పీకేయడం సహజం, సరిగ్గా అప్పుడే ఒక చిన్నపిల్లకి లెక్కలు నేర్పాలని కూర్చుంటున్నారు. రెండు వారాల పాటు ఆ పని మీ ఆవిడకి అప్పగించి, వంటింటి పనో, బయటి పనో మీరు చేయండి. కోరిక ఎంత గట్టిగా లాగినా సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది, ఐదు పది నిమిషాలు గడిపేస్తే దిగిపోతుంది. ఆ నిమిషాల్లో మనసుతో వాదన పెట్టుకోకండి, ఉన్నచోటి నుంచి లేవండి, చురుగ్గా నడవండి, స్నానం చేయండి, గమ్ పెట్టుకోండి. కూర్చుని ఓర్చుకోవడం కన్నా కదలడం తేలిక. కొన్ని వారాలు మద్యానికీ దూరంగా ఉండండి, మత్తులో ఉన్నప్పుడు ఎవరైనా సిగరెట్ అందిస్తే వద్దనడం కష్టం.

పాపతో ఇవాళే మాట్లాడండి. 'నిన్న నీ తప్పేం లేదు, నాన్న ఒక చెడ్డ అలవాటు మానేస్తున్నాడు, దానివల్ల కోపం వస్తోంది, కానీ నీ మీద అరవడం నా తప్పే' అని చెప్తే ఎనిమిదేళ్ల పిల్లకి బాగానే అర్థమవుతుంది. 'నీ కోసమే మానేశాను' అని మాత్రం అనకండి, రేపు పొరపాటున మీరు ఒకటి తాగితే ఆ భారం పిల్ల మోస్తుంది. మీరు తాగుతున్నారో లేదో చూడమని పాపని కాపలా పెట్టడం కూడా వద్దు. మీ ఆవిడకి చిరాకు ఎందుకొస్తోందో, ఎన్నాళ్లుంటుందో చెప్పండి, మాట పెరుగుతోందనిపిస్తే 'పది నిమిషాల్లో వస్తా' అని మీరే పక్కకి వెళ్లే ఒప్పందం చేసుకోండి. ఆవిడ కూడా తొమ్మిది రోజులుగా భరిస్తున్నారు, ఆ సంగతి మీ నోటితో ఒప్పుకోండి.

ఆకలి పెరగడం, కాస్త బరువెక్కడం, కొన్నాళ్లు దగ్గు ఎక్కువవడం మామూలే, వాటికి కంగారుపడి వెనక్కి రాకండి. ఎప్పుడైనా ఒకటి తాగేస్తే మిగతా పెట్టె పారేసి, ఇంట్లో దాచకుండా చెప్పేసి, అదే రోజు మళ్లీ ఆపండి. గడిచిన రోజులు వృథా అయ్యాయని మాత్రం అనుకోవద్దు.

ఈ వారంలోనే డాక్టర్ని కలవండి. ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే ఆ విషయం తప్పకుండా చెప్పండి, ఆస్తమాకి వాడే థియోఫిలిన్, మానసిక జబ్బులకి వాడే క్లోజపిన్, ఓలాంజపిన్ లాంటివి పొగ ఆగిపోతే రక్తంలో పెరుగుతాయి, మోతాదు మార్చాల్సి రావచ్చు. దిగులు రోజురోజుకీ ముదిరినా, బతకడం ఎందుకనిపించినా, కోపంలో చెయ్యి లేచేదాకా వచ్చినా వారం ఆగకండి, అదే రోజు వెళ్లండి, మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి.