2008 ఫైనల్లో మెల్‌బోర్న్ స్టార్మ్ 40–0తో ఓడిపోవడానికి కెప్టెన్ లేకపోవడమే కారణమా?

2008 అక్టోబరు 5న సిడ్నీలో జరిగిన ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ గ్రాండ్ ఫైనల్లో మ్యాన్లీ జట్టు చేతిలో మెల్‌బోర్న్ స్టార్మ్ 40–0తో చిత్తుగా ఓడడానికి కెప్టెన్ కామెరాన్ స్మిత్ లేకపోవడమే కారణమా అని మీరు అడిగారు. అదొక్కటే కారణమని నేను అనుకోవడం లేదు.

అప్పట్లో నేను మెల్‌బోర్న్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక గిడ్డంగిలో పనిచేసేవాణ్ణి. అక్కడ నాతోపాటు పనిచేసే న్యూజిలాండ్ పెద్దాయన ఒకరు ఓపికగా నాకు ఈ ఆట నేర్పారు. చిన్నప్పటినుంచి కబడ్డీ ఆడినవాణ్ణి కావడంతో, బంతితో దూసుకొచ్చేవాణ్ణి ఇద్దరు ముగ్గురు కలిసి పట్టి నేలకు దించడం (ట్యాకిల్) నన్ను వెంటనే ఆకట్టుకుంది. ఆ ఏడాది స్టార్మ్ మ్యాచ్‌లను వీలైనంతవరకు వదలకుండా చూశాను.

స్మిత్ లోటు చిన్నదేమీ కాదు. ప్రతి ట్యాకిల్ తర్వాత బంతిని మొదట అందుకుని, అది ఎవరికి వెళ్లాలో నిర్ణయించేది హుకర్. ఆ స్థానంలో ఆయనే ఆడేవారు. బ్రిస్బేన్‌తో సెమీఫైనల్లో ప్రత్యర్థి ఆటగాడు సామ్ థైడేను పట్టిన తీరుకు స్మిత్‌పై నిషేధం పడింది. అయితే ఆయన లేకుండానే ఆ సెమీఫైనల్ తర్వాత, ఫైనల్‌కు ముందు జరిగిన మ్యాచ్‌లో స్టార్మ్ క్రొనుల్లాను 28–0తో ఓడించింది. కాబట్టి మరికొంత వెనక్కి వెళ్లి చూడాలి.

లీగ్ దశ పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన స్టార్మ్, ఫైనల్స్ అనే చివరి దశ పోటీల మొదటి వారంలో ఎనిమిదో స్థానంలోని వారియర్స్ చేతిలో సొంత మైదానంలోనే 18–15తో ఓడి, గెలిచి ఉంటే దక్కవలసిన వారం విశ్రాంతిని పోగొట్టుకుంది. మ్యాన్లీ రెండో వారం విశ్రాంతి తీసుకుంటుండగా, స్టార్మ్ బ్రిస్బేన్ వెళ్లి చివరి నిమిషపు ట్రైతో (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం) 16–14తో గట్టెక్కవలసి వచ్చింది. స్మిత్ నిషేధానికి దారితీసిన మ్యాచ్ కూడా అదే.

ఫైనల్లో విరామానికి స్కోరు 8–0 మాత్రమే. రెండు ట్రైలు చేస్తే మనమే ముందుంటామని మా అద్దె ఇంట్లో అందరం గట్టిగా నమ్మాం. కానీ ఈ ఆటలో ఒక కఠినమైన నిబంధన ఉంది. ఫుట్‌బాల్‌లో గోల్ ఇచ్చినవారికి బంతి దక్కుతుంది. ఇక్కడ పాయింట్లు ఇచ్చిన జట్టే బంతిని తన్ని ప్రత్యర్థికి అప్పగించాలి. అంటే ట్రై చేసిన జట్టు మళ్లీ ఆరు ట్యాకిళ్ల వరకు బంతిని ఆడించుకుంటుంది. ఇవతలివారు ప్రతి ట్యాకిల్ తర్వాత 10 మీటర్లు వెనక్కి పరుగెత్తి, తిరిగి ముందుకొచ్చి పట్టాలి. అలసిన కాళ్లు ఆలస్యమవుతాయి, ఖాళీలు ఏర్పడతాయి, ఇంకో ట్రై పడుతుంది, మళ్లీ బంతి వారికే వెళుతుంది. రెండో అర్ధభాగంలో వచ్చిన 32 పాయింట్లు నాకు అలాగే కనిపించాయి. మొదట్లో ముగ్గురు కలిసి పట్టిన చోట చివరికి ఒక్కరే చేతులు చాచడం చూస్తుంటే గుండె బరువెక్కింది. స్టార్మ్‌లో బిల్లీ స్లేటర్, గ్రెగ్ ఇంగ్లిస్ వంటివారున్నా, బంతి చేతికి రానప్పుడు వారి వేగం ఏం చేయగలదు? మ్యాన్లీ ఆటగాడు మైఖేల్ రాబర్ట్‌సన్ మూడు ట్రైలు చేశాడు. మ్యాన్లీ తరఫున చివరి మ్యాచ్ ఆడుతున్న స్టీవ్ మెంజీస్ కూడా ఒకటి చేశాడు. స్టార్మ్ అభిమానినైనా ఆ ఒక్క ట్రైకి మాత్రం నేను మనసారా చప్పట్లు కొట్టాను.

స్మిత్ ఉండి ఉంటే ఆట వేగాన్ని తగ్గించి, తేడాను 40 దాకా పోనిచ్చేవారు కాదని నమ్ముతాను. విశ్రాంతి తీసుకుని వచ్చిన ఆ మ్యాన్లీని ఆ రోజు ఓడించేవారని మాత్రం చెప్పలేను.