ఇంగ్లీష్ మీడియంలో చదివినా మెల్‌బోర్న్‌లో వాళ్ల మాట అర్థం కాదంటారు, నిజమేనా?

కొంతవరకు నిజమే. నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో రెండేళ్లు, మెల్‌బోర్న్‌లో ఐదేళ్లు ఉన్నాను. తెలియని మాటతో పెద్ద ఇబ్బంది లేదండీ. మెల్‌బోర్న్‌లో 'ఆర్వో' అంటే ఏంటని అడిగేస్తాం, మధ్యాహ్నం అని చెప్తారు. 'సర్వో' పెట్రోల్ బంకు, 'బాటిల్-ఓ' మందు షాపు. నెల తిరక్కుండానే మన నోటికీ పట్టేస్తాయి. చిక్కంతా మనకు వచ్చనుకున్న మాటలతోనే, ఎందుకంటే వాటి అర్థం ఎవరినీ అడగం కదా.

లీడ్స్‌లో మా ఓనరమ్మ ఓ రోజు "ఆరింటికి టీకి రా" అంది. టీయే కదా అని ఐదున్నరకే పప్పన్నం కడుపునిండా తిని వెళ్లాను. చూస్తే టేబుల్ మీద పళ్లెంలో మాంసం కూరి కాల్చిన 'మీట్ పై', ఉడికించిన బఠాణీలు, పక్కన గిన్నెడు ఆలూ. ఇంగ్లండ్ ఉత్తరాన చాలా ఇళ్లలో టీ అంటే సాయంత్రం భోజనమే! నేను కెలుకుతూ కూర్చుంటే, వంట బాగోలేదేమో అని పాపం ఆవిడ మొహం చిన్నబోయింది. అక్కడే 'నైన్ వైల్ ఫైవ్' అనీ అంటారు. తొమ్మిది నుంచి ఐదు వరకు అని.

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో పక్కింటాయన "హౌ యా గోయింగ్?" అంటే "ట్రామ్‌లో" అని చెప్పాను. ఆయన అడిగింది బాగున్నావా అని. బట్టల షాపులో 'మాంచెస్టర్' అనే బోర్డు కింద దుప్పట్లు, దిండు గలీబులు ఉంటాయి. ఒకప్పుడు నూలు బట్టలు ఇంగ్లండ్‌లోని ఆ ఊరి నుంచి వచ్చేవి మరి. 'థాంగ్స్' అంటే అక్కడ హవాయి చెప్పులు. లండన్‌లో ఆ మాట అనకండి, లోదుస్తులు అనుకుంటారు.

మనమూ తక్కువేం కాదు. ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2012" అన్నాను. స్పృహ తప్పి పడిపోయానన్నట్టు వినిపించింది వాళ్లకి. అంతెందుకు, మా ఆయనది చిత్తూరు, మాది వరంగల్. ఆయన ఉర్లగడ్డ తెమ్మంటే నేను ఉల్లిగడ్డ తెచ్చిన రోజులున్నాయి. ఆయనకి కావాల్సింది ఆలుగడ్డ.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మెల్‌బోర్న్‌లో ఎవరైనా పార్టీకి పిలిచి "బ్రింగ్ ఎ ప్లేట్" అంటే అందరూ తినేలా ఏదైనా వండి తెమ్మని. నేను రెండు ప్లేట్లు పట్టుకెళ్లాను, శుభ్రంగా కడిగి.