పాత నిబంధన కథల్లో యేసు నిజంగా ఉన్నాడా, మనమే చూపిస్తున్నామా?

ఇస్సాకు, పస్కా గొర్రెపిల్ల, ఇత్తడి సర్పం, ఇవన్నీ యేసు ద్వారా వచ్చే రక్షణకు ఛాయలని మందిరంలో చెబుతారు, అది ఆ కథల్లోనే ఉందా, తర్వాతివాళ్లు అతికించారా అని అడిగారు. నా అనుభవంలో రెండూ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

సండే స్కూల్ చెప్పడం మొదలుపెట్టిన ఏడాది యోసేపు కథ నా వంతుకు వచ్చింది. అన్నలు అతన్ని 30 వెండి నాణేలకు అమ్మేశారు, ఇస్కరియోతు యూదా కూడా యేసును 30కే అప్పగించాడు, చూశారా పిల్లలూ అన్నాను. ఎంత బాగా కుదిరిందో అని లోపల మురిసిపోయాను కూడా. వెనక బెంచీలో ఒక పిల్ల బైబిలు తెరిచి, "అక్కా, ఇక్కడ ఇరవై అని ఉంది" అంది. ఆదికాండము 37:28. నిజమే, ఇరవయ్యే. ఆ మాట నేను ఎవరో ప్రసంగంలో విని, తెరిచి చూడకుండానే చెప్పేశాను. ఆ రోజు ముఖం చెల్లలేదు.

ఇంటికొచ్చి ఆ కథ మొత్తం కూర్చుని చదివితే, లెక్క కుదరకపోయినా పోలిక పోలేదని అర్థమైంది. సొంతవాళ్లే తోసేసినవాడు, కరువులో ఆ సొంతవాళ్లకే అన్నం పెట్టాడు. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్నే మేలు చేశాడని 50వ అధ్యాయంలో అన్నలతో అంటాడు. నేనేమో దాన్ని వదిలేసి నాణేలు లెక్కపెట్టాను.

ఇక్కడ ఒక విషయం. ఛాయ వేరు, ప్రవచనం వేరు. ప్రవచనం ముందుకు చూసి చెప్పే మాట. ఛాయ అలా కాదు, అసలైనది వచ్చాక వెనక్కి తిరిగి చూస్తేనే గుర్తుపడతాం. రోమా 5:14లో ఆదాము రాబోవువానికి "గురుతు" అని పౌలు అన్న చోట గ్రీకులో ఉన్న మాట తుపోస్. దెబ్బ కొడితే పడే అచ్చు, ముద్ర లాంటిదని దాని మూలార్థం. ముద్ర పడ్డ మైనాన్ని చూసి ఉంగరం ఉందని ఊహించవచ్చు, ఉంగరం చేతికి వచ్చాక గానీ ఆ గీతలన్నీ ఏమిటో తెలియవు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులకు మోషే దగ్గర్నుంచి ప్రవక్తలందరి వరకు యేసు వివరించింది ఎప్పుడు? పునరుత్థానం తర్వాత. అంతకుముందు వాళ్లకీ అర్థం కాలేదు.

ఇస్సాకు దగ్గరికి వద్దాం. అన్నిటికంటే నాకు బలంగా కనిపించేది అదే. ఆదికాండము 22. నీవు ప్రేమించే ఒక్క కొడుకు ఇస్సాకుని మోరీయా దేశానికి తీసుకెళ్లి బలి ఇవ్వమని దేవుడు అబ్రాహాముతో అంటాడు. మూడో రోజున ఆ చోటు కనబడుతుంది. కట్టెలు కొడుకు మీద పెట్టి, నిప్పు, కత్తి తండ్రి పట్టుకుంటాడు. దారిలో కొడుకు ఒకటే అడుగుతాడు: నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది? దేవుడే చూసుకుంటాడు నాయనా అంటాడు అబ్రాహాము. తీరా కత్తి ఎత్తాక దేవదూత ఆపేస్తాడు, పొదలో కొమ్ములు చిక్కుకుని దొరికింది పొట్టేలు. గొర్రెపిల్ల కాదు! చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో, ఈ తేడా మాత్రం పట్టించుకోలేదు. అడిగింది గొర్రెపిల్లని, వచ్చింది పొట్టేలు, ప్రశ్న అలాగే మిగిలిపోయింది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను యేసుని చూపించి "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అన్నప్పుడు, అది ఇస్సాకుకి జవాబులా నాకు వినబడుతుంది. సువార్తికుడు ఆదికాండము 22ని మనసులో పెట్టుకునే రాశాడని నేను రుజువు చేయలేను. నాకలా వినబడుతుంది, అంతే. సొలొమోను మందిరం కట్టింది మోరీయా కొండ మీదేనని రెండవ దినవృత్తాంతములు 3:1 చెబుతుంది. యేసు చనిపోయిందీ యెరూషలేములోనే.

మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నేళ్లు న్యూజెర్సీలో ఉన్నాం. పక్కింటావిడ యూదురాలు, మా అత్తగారి వయసు. నేను ఈ కథ గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే నవ్వి, అది మా పండగ కథమ్మా అంది. వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా రెండో రోజున సమాజమందిరంలో ఈ అధ్యాయమే చదువుతారు. ఆ పండగకి ఊదే పొట్టేలు కొమ్ము ఈ పొట్టేలునే గుర్తుచేస్తుంది. దాన్ని వాళ్లు "అకేదా" అంటారు, కట్టివేయడం అని. మన తెలుగువాళ్లం "ఇస్సాకు బలి" అనేస్తాం, బలి జరగనే లేదు కదా అని ఆవిడ అడిగేదాకా నాకు తట్టలేదు.

ఆవిడ వల్ల తెలిసిందే ఇంకోటి. ఆదికాండము మీద రబ్బీల, అంటే యూదు బోధకుల, పాత వ్యాఖ్యానం బెరేషీత్ రబ్బా, సుమారు ఐదో శతాబ్దానిది. ఇస్సాకు కట్టెలు మోసే చోట అందులో, తన సిలువను తానే భుజాన మోసేవాడిలా అని ఉంది. రాసినవాళ్లు క్రైస్తవులు కారు. రోమా రాజ్యంలో నేరస్థుల్ని అలా మోయించడం అందరికీ తెలిసిన దృశ్యం. అయినా ఆ పోలిక వాళ్లకూ తట్టిందంటే అది కథ ఆకారంలోనే ఉందన్నమాట, మన పాస్టర్లు కనిపెట్టింది కాదు. ఆ ఆకారం ఎవరిలో నిండింది అన్న దగ్గర ఆవిడా నేనూ విడిపోతాం.

పస్కా, అంటే ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ రాత్రి పండగ, దాని విషయంలో నేను చాలాకాలం పొరపాటుగా చెప్పాను. నిర్గమకాండము 12లో నిర్దోషమైన ఏడాది పిల్లని పదో తారీఖున ఎంచుకుని, పద్నాలుగో తారీఖు సాయంత్రం వధించి, రక్తం ద్వారబంధానికి హిస్సోపు కొమ్మతో పూస్తారు, ఎముక విరవకూడదు. యేసు కాళ్లు విరగ్గొట్టలేదని యోహాను ఆ మాటే ఎత్తి రాస్తాడు. పౌలు అయితే క్రీస్తే మన పస్కా అనేస్తాడు. కాబట్టి ఈ పోలిక కొత్త నిబంధనదే, సందేహం లేదు. కానీ ఆ గొర్రెపిల్ల పాపాల కోసం కాదు. ఆ అధ్యాయంలో పాపం మాటే రాదు. అది చావు తగలకుండా కాపుదల, ఆ రాత్రే బానిసత్వం నుంచి బయటపడటం. చెప్పులు తొడుక్కుని, కర్ర చేతపట్టుకుని, తొందరగా తిని బయల్దేరమన్నారు. పాపాన్ని మోసేది లేవీయకాండము 16లో మేక, ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు రెండు చేతులూ దాని తల మీద పెట్టి ప్రజల దోషాలన్నీ ఒప్పుకుని ఎడారిలోకి పంపించేది. మొదటి శిష్యులు సిలువ దగ్గర ఈ రెంటినీ కలిపి చూశారు. మనం రెండోదే పట్టుకుని రక్షణ అంటే క్షమాపణ అనేస్తాం. విడుదల సంగతి పక్కన పడిపోతుంది. తాగుడు మానలేక ఏడ్చే మనిషికి పస్కా కథ ఎందుకు అంత గట్టిగా తగులుతుందో మా ఇంట్లోనే చూశాను, అది వేరే కథ.

ఇత్తడి సర్పం అంటే ఎడారిలో పాములు కరిచినవాళ్లు చూసి బతకడానికి మోషే స్తంభం మీద ఎత్తినది. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, యోహాను 3:14లో యేసే తనని దానితో పోల్చుకున్నాడు. ఎవరూ ఎత్తని ముక్క మాత్రం ఒకటి: ఆ సర్పానికే తర్వాత జనం ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు పగలగొట్టించాడు. ఛాయనే పట్టుకు వేలాడితే జరిగేది అదే.

ఇక అతికించినవి. అబ్రాహాము పనివాళ్లు 318 మంది అన్న అంకెని గ్రీకు అక్షరాల్లోకి మార్చి, అందులో యేసు పేరూ సిలువ గుర్తూ చూపించారు బర్నబా పేరుతో ఉన్న పాత క్రైస్తవ లేఖలో. ఆదికాండము రాసింది హెబ్రీలో కదా! యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్లని దాచిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారం క్రీస్తు రక్తమని మొదటి శతాబ్దం చివర్లోనే రోమా సంఘ పెద్ద క్లెమెంతు రాశాడు. పాతదే, అందంగానూ ఉంది, అయినా నేను పిల్లలకి చెప్పను. మా తమ్ముడు పాస్టరు, వాడు చెబుతాడు. ఈ విషయంలో మా ఇద్దరికీ పడదు. రంగూ అంకే కలిస్తే నాకు చాలదు. కథలో ప్రాణం ఎక్కడుందో పోలిక అక్కడ తగలాలి.

ఇతరుల పాపాలు మోసి బాధపడే దేవుని సేవకుడి గురించి చెప్పే యెషయా 53 మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ, క్రైస్తవులు తర్వాత మార్చి రాశారని కొందరంటారు. అది కుదరదు. 1947లో మృత సముద్రం దగ్గర గుహల్లో దొరికిన యెషయా చుట్ట క్రీస్తుకి వందేళ్ల పైన ముందు రాసింది, ఈ అధ్యాయం అందులో ఉంది. అర్థం మీద మాత్రం వాదన ఉంది. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమే అన్నాడు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని ఈ అధ్యాయమే చదువుతూ ఫిలిప్పుని అడిగింది కూడా అదే: ప్రవక్త చెప్పేది తన గురించా, వేరొకరి గురించా?

ఇప్పుడు క్లాసులో ఇస్సాకు కథని "గొర్రెపిల్ల ఏది?" దగ్గర ఆపేస్తాను. ఆ వారం అంతే. మొన్నామధ్య అలా ఆపితే, కథ ముందే తెలిసిన ఒక పిల్లాడు చెయ్యెత్తి, "ఆ పొట్టేలు ఎవరిదక్కా? ఎవరి మందలోంచి తప్పిపోయి వచ్చింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రాత్రి న్యూజెర్సీ ఆవిడకి వాట్సాప్‌లో పెట్టాను. మా పెద్దలూ అడిగారమ్మా అని జవాబొచ్చింది. సృష్టి జరిగిన వారంలో, మొదటి విశ్రాంతి దినం మొదలయ్యే ముందు సందెవేళ దేవుడు ఆ పొట్టేలుని చేసి ఉంచాడని కొందరంటారని వాళ్ల మిష్నాలో, అంటే రబ్బీల పాత బోధల సంకలనంలో, ఉందట. వచ్చే ఆదివారం పిల్లాడికి అది చెప్పి, తర్వాత క్రీస్తు లోకం పుట్టకముందే నియమింపబడ్డాడనే 1 పేతురు 1:20 వాడి చేతే చదివించాలనుకుంటున్నాను.